మూసిన బౌహౌస్‌ను మళ్లీ తెరిచినవాళ్లు

1933 ఏప్రిల్ 11న బెర్లిన్ పోలీసులు ఒక పాత టెలిఫోన్ ఫ్యాక్టరీని సోదా చేసి తలుపులకు సీలు వేశారు. అందులో నడుస్తున్నది బౌహౌస్ అనే డిజైన్ బడి. కాండిన్‌స్కీ వంటి అధ్యాపకులను తొలగిస్తే తెరుచుకోవచ్చని నాజీ ప్రభుత్వం జులైలో షరతు పెట్టింది. డబ్బూ లేదు, లొంగే ఉద్దేశమూ లేదు. డైరెక్టర్ మీస్ వాన్ డెర్ రోయె, తోటి అధ్యాపకులు బడిని తామే రద్దు చేశారు.

వాల్టర్ గ్రోపియస్ 1919లో వైమార్‌లో ప్రారంభించిన ఈ బడి బతికింది 14 ఏళ్లే. నేత, కుండలు, కొయ్యపని, లోహపుపని నేర్పే వర్క్‌షాపులే దాని తరగతి గదులు. 1922 డిసెంబరులోనే దాని చిత్రాలు కలకత్తాలో ప్రదర్శనకు వచ్చాయి.

మూతపడ్డ బడిని మళ్లీ తెరవాలా, తెరిస్తే ఏ పేరుతో అన్న ప్రశ్న మొదట షికాగోలో వచ్చింది. 1937లో బౌహౌస్ మాజీ అధ్యాపకుడు మొహోలీ-నాగీ అక్కడ 'న్యూ బౌహౌస్' పెట్టాడు. పోషకుల దగ్గర డబ్బు అయిపోయి ఏడాదికే మూతపడింది. 1939లో ఆయనే స్కూల్ ఆఫ్ డిజైన్ అని మామూలు పేరు పెట్టి తిరిగి మొదలుపెట్టాడు. ఈసారి నిలబడింది. 1949లో ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో కలిసి నేటికీ నడుస్తోంది.

అసలైన వాదన జరిగింది జర్మనీలోని ఉల్మ్‌లో. నాజీలు 1943లో చంపిన హాన్స్, సోఫీ షోల్‌ల అక్క ఇంగె షోల్, డిజైనర్ ఓట్ల్ ఐఖర్, బౌహౌస్ పాత విద్యార్థి మాక్స్ బిల్ కలిసి 1953లో అక్కడ డిజైన్ కళాశాల ప్రారంభించారు. బిల్‌కు అది బౌహౌస్ కొనసాగింపు. తొలి ఏళ్లలో ఆల్బర్స్, ఇట్టెన్ వంటి పాత గురువులే వచ్చి పాఠాలు చెప్పారు. మాల్డొనాడో వంటి కుర్ర అధ్యాపకులకు అది నచ్చలేదు. ఫ్యాక్టరీ వస్తువుల కాలంలో చిత్రకళ పునాది చాలదని, గణితం, సామాజికశాస్త్రం కావాలని పట్టుబట్టారు. బిల్ 1957లో వెళ్లిపోయాడు. బ్రౌన్ రేడియోలు, లుఫ్తాన్సా విమాన సంస్థ రూపురేఖలు ఉల్మ్ పనులే. గురువును ధిక్కరించిన ఈ శిష్యులే బౌహౌస్‌కు దగ్గరి వారసులు అనిపిస్తారు. గ్రోపియస్ బడి కూడా ఏటికేడు మారుతూ వచ్చిందే కదా. ఉల్మ్ సైతం 1968లో మూతపడింది. రాష్ట్రం గ్రాంటు ఆపడం ఒక కారణం, లోపలి తగాదాలు ఇంకొకటి. అక్కడ చదివిన సుధాకర్ నాద్కర్ణి మరుసటి ఏడాదే ఐఐటీ బొంబాయిలో ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్‌కు పునాది వేశారు.

వైమార్‌కూ బెర్లిన్‌కూ మధ్య బౌహౌస్ నడిచిన డెసావ్‌లో, యుద్ధకాలపు బాంబుల్లో దెబ్బతిన్న దాని భవనాన్ని 1976లో బాగుచేశారు. 1924లో గ్రాంటు సగానికి కోసి బౌహౌస్‌ను ఊరు విడిచిపోయేలా చేసింది వైమార్ ఉన్న తురింగియా రాష్ట్రం. అదే వైమార్‌లోని విశ్వవిద్యాలయం 1996లో బౌహౌస్ పేరు పెట్టుకుంది.