దుమ్ముగూడెం పాత చర్చి, మన ఇంటిపేర్లు

దుమ్ముగూడెం పాత చర్చి ఫొటోలు తీద్దామని బయలుదేరితే మాలో ఒకరిద్దరు, "అది దొరల చర్చి, మన చరిత్రకేం సంబంధం?" అన్నారు. ఆ మాటలో సగమే నిజం.

ఈ చర్చి కథ గోదావరి పడవలతో మొదలవుతుంది. ఎగువ గోదావరిలో పడవలు నడపాలని ఆర్థర్ కాటన్ తలపెట్టాడు. నదికి రాళ్లు అడ్డొచ్చిన మొదటి చోటు దుమ్ముగూడెం. అక్కడ ఆనకట్ట, కాలువ పనులు చూసిన ఇంజనీరు హేగ్. 1860 ప్రాంతంలో ఆయన పూనికతోనే చర్చ్ మిషనరీ సొసైటీ కోయల మధ్య పని మొదలుపెట్టింది. భద్రాచలం సీమ నిజాం చేతి నుంచి ఇంగ్లీషువాళ్లకు పోయింది కూడా ఆ ఏడే. 1871లో పడవల పథకం ఆపేశారు. మిషన్ మాత్రం ఉండిపోయింది.

తర్వాత వచ్చిన జాన్ కెయిన్ పాదిరి ఏళ్ల తరబడి అక్కడే ఉన్నాడు. కోయల మీద ఆయన వ్యాసం 1881లో లండన్ రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. మన ఆచారాల గురించి అంత పాత రాత దొరకడం అరుదు, కాబట్టి వదులుకోలేం. అలాగని కళ్లు మూసుకుని నమ్మలేం. పాదిరి నమ్మకం ఎక్కడ మాట్లాడుతోందో, మన పెద్దలు చెప్పిన మాట ఎక్కడుందో విడదీసి చదవాలి.

ఫొటోలు తీయడంలో మేం నేర్చుకున్నది ఒకటుంది. అరిగిన రాతిమీది అక్షరాలు మిట్టమధ్యాహ్నం కనిపించవు. పొద్దున్నే ఎండ పక్కనుంచి పడేటప్పుడు తీస్తే లేచి కనబడతాయి. సుద్ద రాయకూడదు, రాయి పాడవుతుంది. ముందు సంఘ పెద్దల్ని అడగాలి. ముందు వైపు ఒక్కటే తీసి వచ్చేయకుండా దూలాలు, తలుపు బందులు, గోడ పగిలిన చోట లోపలి సున్నం కూడా తీయాలి. ఆ సున్నం మోసిన కూలీల పేర్లు ఏ పలకమీదా వెతికినా దొరకవు.

సమాధుల దగ్గరే ఎక్కువసేపు ఆగాలి. క్రైస్తవులైన కోయ కుటుంబాల్లో పేర్లు మారాయి గానీ సోడె, కారం, మడకం లాంటి ఇంటిపేర్లు పోలేదు. ఇంటిపేరు తెలిస్తే గట్టు తెలుస్తుంది, గట్టు తెలిస్తే ఎవరికెవరు వియ్యమో తెలుస్తుంది.

మాకు తెలిసిన ఒక ఊళ్లో పెంకుల చర్చి తీసేసి స్లాబు వేశారు. పాతదాని లోపలి ఫొటో ఒక్కటీ ఎవరి దగ్గరా లేదు. అందుకే ఎండాకాలం కలుపు ఎండగానే మళ్లీ పోతున్నాం. ఈసారి అక్షరాలు లేని రాళ్లు ఎవరివో చెప్పగల ఒక అవ్వను వెంట తీసుకెళ్తాం.