హాలియా నుండి కొల్లూరు గనికి

హాలియాకు వచ్చినవారు సాధారణముగా నాగార్జునసాగరం వైపే మళ్ళుతారు. మేమును మొదటిరోజు అటే వెళ్ళి, లాంచీలో నాగార్జునకొండ చేరి మ్యూజియం చూచాము. సాగరం నిండకముందే, 1954 నుండి 1960 వరకు ఆ లోయను త్రవ్వి, దొరికిన శిల్పాలను కొండపైకి చేర్చారు. 1966లో మ్యూజియం వెలసింది. ఆ తృప్తితో మరునాడు హాలియాలో కాఫీ త్రాగి, కారులో తూర్పుదారి పట్టాము. ఎడమకాలువ క్రింది వరిపొలాల నడుమ నిడమనూరు, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దాటి కృష్ణ ఒడ్డున పులిచింతల చేరాము.

మేము చూడబోయినది వజ్రాల గని. కనిపించినది జలాశయము. 2013లో ప్రారంభమైన ఈ ఆనకట్టకు ఎగువన, కుడిగట్టున కొల్లూరు ఉండేది. ఊరుతోపాటు గనియు మునిగినది.

పదిహేడవ శతాబ్ది నడుమ ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే ఇక్కడికి వచ్చాడు. గోలకొండ నుండి ఏడు రోజుల ప్రయాణమట. దేశభాషలో ఈ చోటి పేరు ‘గని’ అనీ, పారశీకంలో కొల్లూరు అనీ ఆయన వ్రాశాడు. ‘ఇదేమిటయ్యా?’ అని అడిగితే తెలుగువాడెవరో ‘గని’ అని ఉంటాడు. అదే ఊరి పేరనుకున్నాడు కాబోలు!

పైరు వేయడానికి నేల త్రవ్వుతున్న ఒక పేదవానికి సుమారు 25 కారట్ల రాయి దొరకడంతో గని బయటపడిందని ఆయన విన్నాడు. ఆయన మొదటిసారి వచ్చేనాటికి పనివారు దాదాపు 60,000 మంది. గుంట ప్రక్కనే నేలను చదును చేసి చుట్టూ రెండడుగుల గోడ కట్టేవారు. దేవపూజ, భోజనాలు అయిన పిదప మగవారు త్రవ్వితే, ఆడవారూ పిల్లలూ మట్టి మోసి ఆ గోడల నడుమ పోసేవారు. పది పదునాలుగడుగుల లోతున నీరు పడితే త్రవ్వకము ఆగేది. ఆ నీటినే కుండలతో తోడి మట్టిపై పోసి, ఒకటి రెండు రోజులు నాననిచ్చి, గోడ అడుగున ఉంచిన కన్నాలు తెరిస్తే బురద పోయి ఇసుక మిగిలేది. దానిని ఎండబెట్టి చేటలతో చెరిగి, గడ్డలను రోకళ్ళతో దంచి, మరల చెరిగి, చివరకు చేతులతో వెదకేవారు. మన ఇండ్లలోని చేటా రోకలీ తప్ప వేరు యంత్రమేమున్నది?

కూలి మాటకు వస్తే, రావుల్కొండ అని ఆయన పేర్కొన్న మరొక గనిలో పని బాగా తెలిసినవానికి సైతం ఏడాదికి మూడు వరహాలే. అక్కడ ఒకడు చిన్న రాయిని కంటికొనలో దాచుకొని పట్టుబడ్డాడట. కంటిలో రాయి పెట్టుకొనేటంతటి పేదరికమును గురించి వర్తకుడు ఎక్కువగా వ్రాయలేదు.

కోహినూరు కొల్లూరిదే అన్నది ప్రతీతి. తిరుగులేని ఋజువు లేదు. అది లండనులో ఉన్నది. టావెర్నియే 1668లో పదునాలుగవ లూయీకి అమ్మిన నీలివజ్రము, చెక్కిన రూపములో, వాషింగ్టనులో ఉన్నది. అదియు ఇక్కడిదే అంటారు. రాళ్ళకు మ్యూజియములు దొరికినవి. ఆ కుండలకు, చేటలకు దొరకలేదు. నాగార్జునకొండ లోయకు దక్కిన శ్రద్ధ ఈ గుంటలకు దక్కలేదన్న బాధ మాకు కలిగింది.

ఒడ్డున పుట్టి కట్టుకుంటున్న జాలరిని కొల్లూరు ఎక్కడయ్యా అని అడిగాము. ‘అదిగోనండి, ఆ గుట్టకు ఇవతల’ అని తెడ్డుతో చూపాడు. అటు చూచాము. నీరే.