ఇచ్చోడలో వాన, కడెంలో వరద

ఇచ్చోడ, బోథ్, బజార్‌హత్నూర్ గుట్టల మీద రాత్రంతా వాన దంచితే దాని లెక్క కడెం ప్రాజెక్టు దగ్గర తేలుతుంది. ఈ దిక్కు వాగులన్నీ కలుపుకొని కడెం వాగు నేరడిగొండ మండలంలో కుంటాల దగ్గర బండల మీంచి దూకుతుంది. అడవిలో పడి సాగి, గోదావరిలో కలవబోయే ముందు ఆనకట్టకు తగులుతుంది. నిడివి తక్కువ, వాలు ఎక్కువ. అందుకే వరద ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగా పోతుంది. ఆ కాసేపట్లోనే కట్టకు పరీక్ష.

ప్రాజెక్టు పని 1949లో, హైదరాబాద్ రాష్ట్రం ఉన్న రోజుల్లో మొదలైంది. ఇంకా పూర్తికాకముందే, 1958 ఆగస్టు చివర్లో వరద కట్టెక్కింది. నీళ్లు ఎంత పెరిగినా కట్ట అంచుకు అందకుండా 2.4 మీటర్ల ఎత్తు అదనంగా వదిలిపెట్టారు. వరద దాన్ని మింగేసి, ఇంకో 46 సెంటీమీటర్లు పైనుంచి పొర్లింది. మట్టికట్ట మీంచి నీళ్లు పొర్లాయంటే ఇక ఆగేదేముంది? ఎడమ వైపు సుమారు 137 మీటర్ల మేర కొట్టుకుపోయింది, కుడి పక్కనా గండ్లు పడ్డాయి. మళ్లీ కట్టి 1965కు ముగించారు. ఇప్పుడున్నవి 18 గేట్లు. వాటిని జర్మన్ గేట్లు, ఇండియన్ గేట్లు అని రెండు రకాలుగా చెబుతారు. 1995లో మరోసారి గండి పడింది.

నిల్వ ఏడున్నర టీఎంసీల పైచిలుకు, పూర్తి మట్టం 700 అడుగులు. పెద్ద ప్రాజెక్టుల ముందు ఇది చిన్నదే. సమస్యంతా అక్కడే ఉంది: చిన్న గిన్నెలోకి పెద్ద ధార.

2022 జులైలో ఆ ధార సుమారు ఐదు లక్షల క్యూసెక్కులకు చేరింది. గేట్ల నుంచి పోయేది మూడు లక్షలకు అటూ ఇటూ. 17 గేట్లు లేచాయి, ఒకటి మొరాయించింది. కొట్టుకొచ్చిన చెట్లు, మొద్దులు గేట్లకు అడ్డం పడ్డాయి. దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. కట్ట నిలిచింది. అది దేవుడి మహిమేనని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అన్నారు. మహిమను ప్రతి ఏడూ అడగలేం కదా! ఏడాది తిరిగాక, 2023 జులైలో, 14 గేట్లే లేచాయి. నాలుగు కదల్లేదు. నీళ్లు గేట్ల మీంచే పోయాయి. ఒకసారి మొరాయిస్తే యంత్రం తప్పు, మరుసటి ఏడు నాలుగు మొరాయిస్తే అది నిర్వహణ తప్పు. డ్యాముల భద్రత కోసం పార్లమెంటు 2021లోనే చట్టం చేసి పెట్టింది మరి.

సెలవు రోజుల్లో కడెం ముఖం వేరు. కట్ట పక్కనే పర్యాటక శాఖ హరిత రిసార్టు, బోటు షికారు, చుట్టూ కవ్వాల్ అడవి. గేట్లు ఎత్తారని తెలిస్తే కార్లు బారులు తీరతాయి. చూడ్డానికి వచ్చినవాళ్లకు గేటు కింది నీళ్లే కనిపిస్తాయి. ఎగువ గుట్టల మీద కురుస్తున్నది కనబడదు. ఇక్కడ ఎండ కాస్తున్నా వాగు ఎప్పుడు పెరుగుతుందో చెప్పలేం.

గేట్లు ఎత్తితే దిగువన ఏమవుతుందో 2014 జూన్ 8న హిమాచల్‌లో తెలిసింది. లార్జీ డ్యాం నుంచి ఒక్కసారిగా వదిలిన నీళ్లు బియాస్ నది బండల మీద ఫొటోలు దిగుతున్న 24 మంది హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులను మింగేశాయి. నిలువనీరూ తక్కువదేం కాదు. 2025 జనవరి 11న సిద్దిపేట జిల్లా కొండపోచమ్మ సాగర్‌లో హైదరాబాద్ నుంచి వచ్చిన యువకులు ఐదుగురు మునిగిపోయారు. వరద లేదు, వాన లేదు, ఉన్నది లోతే. కుంటాల గుండాల్లోనూ అంతే: పైకి నురగ, కింద పాచి పట్టిన బండ, దాని పక్కనే అందని లోతు. ఈతకని, సెల్ఫీకని దిగి పైకి రానివాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు.

ఈ వానాకాలం కడెం చూడబోతే బయల్దేరే ముందు ఇచ్చోడలోనో బోథ్‌లోనో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి, రాత్రి వాన పడిందా అని అడగండి. పడిందంటే, నీళ్లను కట్ట మీది నుంచే చూడండి. కిందికి దిగకండి.