విశాఖ తీరంలో చేపల అధ్యయనం: పాట్రిక్ రస్సెల్

పరిచయం

జీవశాస్త్ర గ్రంథాల్లో ఒక జీవి శాస్త్రీయ నామం పక్కన, ఆ పేరు పెట్టిన శాస్త్రవేత్త పేరు, సంవత్సరం కనిపిస్తాయి. ఆ జీవిని అంతకు ముందే గుర్తించి, తమ భాషలో పిలిచిన వారు మాత్రం అక్కడ కనిపించరు. తెలుగు తీరంలో సముద్ర జీవుల అధ్యయనం ఎలా సాగిందో పరిశీలిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. ఆ అధ్యయనంలో తొలితరం వాడు స్కాట్లాండ్‌కు చెందిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్.

జీవిత విశేషాలు

రస్సెల్ ఎడింబరోలో జన్మించాడు. సిరియాలోని అలెప్పో నగరంలో చాలా కాలం వైద్యుడిగా పనిచేశాడు. 1780ల ఆరంభంలో ఈస్టిండియా కంపెనీ అధికారి అయిన తన సోదరుడు క్లాడ్ వెంట విశాఖపట్నం వచ్చాడు. 1785లో కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త కోనిగ్ మరణించగా, ఆ బాధ్యత రస్సెల్‌కు దక్కింది. 1789లో ఆయన భారతదేశం విడిచి వెళ్ళాడు.

రస్సెల్ కృషి

విశాఖలో సేకరించిన 200 చేపల వర్ణనలను, చిత్రాలను రస్సెల్ 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా ప్రచురించాడు. చిత్రాలు గీసింది స్థానిక చిత్రకారులు. ఈ గ్రంథంలో చేపలకు శీర్షికలుగా ఉన్నవి లాటిన్ పేర్లు కావు, తీరంలో వాడుకలో ఉన్న పేర్లు. సొరచేపల్లో ఒకటి 'పాలసొర'. 'పార', 'కార' అనే మాటల ముందు వేర్వేరు విశేషణాలు చేరి వేర్వేరు చేపల పేర్లు అయ్యాయి. అంటే జాలరులు ఒక వర్గానికి ఒక మాట, అందులోని రకానికి మరో మాట వాడేవారు. లిన్నేయస్ ప్రవేశపెట్టిన రెండు మాటల నామకరణ పద్ధతికి ఇది చాలా దగ్గరగా ఉంది.

1796లో వెలువడిన సర్పాల గ్రంథంలోనూ ఆయన ఇదే పద్ధతి పాటించాడు. రక్తపింజరను అందులో 'కాటుక రేకుల పొడ' అని పేర్కొన్నాడు.

వారసత్వం

రస్సెల్ లాటిన్ పేర్లు పెట్టకపోవడం వల్ల, ఆయన చిత్రాల ఆధారంగా తరువాతి వారు ఆ పని చేశారు. ఫ్రెంచి శాస్త్రవేత్త క్యువియే ఆ గ్రంథాన్ని విస్తృతంగా ఉపయోగించుకున్నాడు. రక్తపింజర శాస్త్రీయ నామం 'డబోయా రస్సెలై'లో రస్సెల్ పేరు నిలిచింది. కట్లపాముల ప్రజాతి పేరు 'బంగారస్'లో తెలుగు 'బంగారం' నిలిచింది. ఆ మాట చెప్పిన మనిషి పేరు మాత్రం ఎక్కడా నిలవలేదు.

ఈ పద్ధతికి ఒక పరిమితి కూడా ఉంది. వలకు చిక్కి ఒడ్డుకు చేరిన చేపలే రస్సెల్‌కు తెలిశాయి. ఆయన మరణించిన 1805లోనే నార్వేలో మైకేల్ సార్స్ జన్మించాడు. మతాచార్యుడిగా ఉంటూ సముద్ర జీవులను పరిశోధించిన సార్స్, లోతైన నీటిలోనూ జీవం ఉందని చూపినవారిలో ఒకడు. సముద్ర శాస్త్రం ఒడ్డు నుంచి లోతుకు సాగిన క్రమం ఈ ఇద్దరి జీవితాల్లో కనిపిస్తుంది.

సారాంశం

రస్సెల్ గొప్పతనం స్థానిక పేర్లను కొట్టివేయకుండా నమోదు చేయడంలో ఉంది. అయితే ఆ జ్ఞానం కంపెనీ ఉద్యోగి పేరుతో లండన్‌లో అచ్చయింది. చరిత్ర విద్యార్థి ఈ రెండింటినీ కలిపి చూడాలి.

అభ్యాసం

గజ్వేల్ పరిసర గ్రామాల చెరువుల్లో చేపలు పట్టేవారిని అడిగి, పది చేపల పేర్లు సేకరించండి. వాటిలో వర్గాన్ని సూచించే మాట ఏది, రకాన్ని సూచించే మాట ఏది? చెప్పినవారి అనుమతితో వారి పేరు కూడా రాయండి.