బెంగళూరులో వెలుగు చూసిన తాళంచెవి

క్వాంటం తాళంచెవి గురించి బెన్నెట్, బ్రసార్డ్ రాసిన పత్రం 1984 డిసెంబరులో మన బెంగళూరులో జరిగిన సదస్సు సంపుటిలోనే వెలువడింది. కాంతి కణాలతో ఇద్దరు రహస్య సంకేతం పంచుకోవచ్చు. మధ్యలో ఎవరైనా తొంగిచూస్తే పట్టుబడతారు.

మరి ఇద్దరికి మించితే? 1979లో షమీర్ చూపిన మామూలు అంకెల పద్ధతిలో రహస్యాన్ని నలుగురికి పంచి, ఏ ఇద్దరు కలిసినా తెరుచుకునేలా చేయవచ్చు. క్వాంటం స్థితినే రహస్యంగా దాస్తే అది కుదరదని 1999లో క్లీవ్, గాటెస్‌మన్, లో తేల్చారు. నలుగురూ ఇద్దరిద్దరుగా విడిపోతే ఒకే రహస్యానికి రెండు నకళ్లు వస్తాయి. తెలియని క్వాంటం స్థితికి నకలు తీయలేమని 1982లోనే రుజువైంది. కాబట్టి సగానికి మించి కలవాల్సిందే.

మన సంఘంలో మెజారిటీ మనం రాసుకున్న నియమం. ఇక్కడ ప్రకృతే రాసిపెట్టింది.