పాదిరి: ఒక మాట నడచిన దారి

లాలాపేటలో ఒకే వీధిన మూడు పిలుపులు వినవచ్చును. కాథలిక్కు గురువును ‘ఫాదరుగారు’ అందురు; ప్రొటెస్టంటు బోధకుని ‘పాస్టరుగారు’ అందురు. చర్చికి పోని వయోవృద్ధులు ఇరువురిని ‘పాదిరిగారు’ అనియే సరిపుచ్చుదురు. ఈ మూడవ మాట ఎక్కడిదో తెలిసికొనుటకై దాని వెంట కొంత దూరము నడచి చూతము.

లాటినులో తండ్రికి ‘పాతెర్’ అని పేరు. ఇటలీ, స్పెయిను భాషలలో అది ‘పాద్రె’ అయి, కన్నతండ్రికిని మతగురువునకును చెల్లినది. పోర్చుగీసులో మాత్రము కన్నతండ్రికి ‘పాయి’ అను రూపము స్థిరపడి, ‘పాద్రె’ గురువునకు మిగిలినది.

లాటిను సంతతి భాషలలో గురువునకు ఇదొక్కటే పేరు కాదు. పెద్ద అను అర్థము గల గ్రీకు మాట లాటినులో ‘ప్రెస్బితెర్’ అయి, దానినుండి ఫ్రెంచి ‘ప్రెత్ర్’, ఇటాలియను ‘ప్రెతె’, రుమేనియను ‘ప్రెఓత్’ పుట్టినవి. ఇంగ్లీషు ‘ప్రీస్టు’ కూడ ఆ వంశముదే. ‘పాస్టరు’ అనగా లాటినులో గొఱ్ఱెల కాపరి. మన ‘పురోహితుడు’ ముందుంచబడినవాడు. ఒకచోట తండ్రి, ఒకచోట పెద్ద, ఒకచోట కాపరి, ఒకచోట అగ్రగామి! గురువునుండి జనులు ఏమి కోరిరో ఆ పేళ్లే చెప్పుచున్నవి.

1498లో వాస్కో డ గామా కాలికట్టు తీరము చేరెను. 1510లో గోవా పోర్చుగీసుల వశమయ్యెను. వారి ఓడలలో అలమార, పీపా వంటి మాటలతోపాటు ‘పాద్రె’యు దిగినది. తమిళ మలయాళములలో అది ‘పాదిరి’, హిందీలో ‘పాద్రీ’, సింహళములో ‘పాదిలి’, జపానులో ‘బాతెరెన్’. జపాను నేత హిదెయోషి 1587లో ఆ బాతెరెనులను దేశము విడిచి పొమ్మని శాసించెను. తండ్రి అను మాట అక్కడ వెలివేయదగినవాని పేరయినది!

మనవైపు అట్టి శాసనము లేదు. 1806లో సికిందరాబాదు కంటోన్మెంటు ఏర్పడినది. ఇంగ్లీషు పటాలములలో ఏ శాఖకు చెందిన గురువైనను సిపాయిలకు ‘పాద్రె’యే. అయినను మన వాడుకలో పాదిరి యనగా చిరకాలము తెల్లదొరయే తలపునకు వచ్చెడివాడు. లోపలివారు పిలువని పేరును బయటివారు వాడినచో, అందులో మర్యాద ఉన్నను కొంత ఎడము మిగులును.

కాలము ఆ ఎడమును తగ్గించినది. 1912లో వేదనాయకం సామ్యూల్ అజరయ్య దోర్నకల్లు బిషప్పయిరి. భారతీయులలో ఆంగ్లికను బిషప్పు పదవి ప్రథమముగా పొందినది వారే. 2022లో హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంథోనీ తెలుగువారిలో తొలి కార్డినలైరి. గురువులు మనవారైరి; మాట మాత్రము పరాయిదిగా తోచుచున్నది.

నిజమునకు అదియు పరాయిది కాదు. లాటిను ‘పాతెర్’, సంస్కృత ‘పితృ’ ఒక మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. ఆ మూలపు పకారము ఇంగ్లీషు పూర్వభాషలో ఫకారమై ‘ఫాదరు’ అయినది. కావున ‘పాదిరి’ అను వృద్ధుడును, ‘ఫాదరు’ అను భక్తుడును, పితృదేవతలకు తర్పణము విడుచు గృహస్థుడును ఉచ్చరించునది ఒకే మాట. ఒకే వీధిలోని ఈ మువ్వురికి ఆ సంగతి తెలిసిన చాలును, పిలుపులోని ఎడము తొలగిపోవును.