వంటగట్టు బండ.. మెరుపు కాదు, పులుపు చూసి ఎంచుకోవాలి

పాపన్నపేట: గోడల రంగు నచ్చకపోతే వచ్చే పండుగకు మార్చుకోవచ్చు. వంటగట్టుపై పరిచిన బండ విషయంలో ఆ వీలు లేదు. సింకు, గోడ టైల్స్ దానితో కలిపి అమరుస్తారు కనుక బండ చెడితే వాటినీ కదిలించాల్సి వస్తుంది. కొత్తగా ఇల్లు కట్టుకునేవారు చాలావరకు రంగు, నునుపు, ధర చూసి బండ ఖరారు చేస్తుంటారు. చింతపండు, నిమ్మకాయ, పెరుగు నిత్యం వాడే మన వంటిళ్లలో మొదట చూడాల్సింది ఆ రాయి పులుపును తట్టుకుంటుందా లేదా అన్నదే.

ఏ రాయి తీరు ఏమిటి?

గ్రానైట్: కరీంనగర్ ప్రాంతంలోని గోధుమ వర్ణపు టాన్ బ్రౌన్, ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ పేరెన్నికగన్నవి. గెలాక్సీ శాస్త్రీయంగా గ్రానైట్ కాకపోయినా వాడకంలో అంతే గట్టిది. కత్తి గీతలు, వేడి గిన్నెలు, పులుపు వీటిని అంతగా బాధించవు. లేత రంగు రాళ్లు మాత్రం నూనెను పీల్చుకుని మరకలు పడతాయి.

తాండూరు, షాబాద్ బండలు: ఇవి సున్నపురాయి జాతివి. చవకగా లభిస్తాయి, నేలకు శ్రేష్ఠం. పులుపు పడితే పైపొర కరిగి తెల్లని మచ్చలు ఏర్పడతాయి. పాలరాయిదీ ఇదే గుణం.

బలపపు రాయి: పలకపై రాసే బలపానికి పేరు తెచ్చిన రాయి ఇదే. పప్పుపులుసు కాచే రాచ్చిప్పలను దీంతోనే మలుస్తారు. పులుపుకు చెక్కుచెదరదు, వేడికి పగలదు, నూనె పీల్చదు. మెత్తన కావడంతో గీతలు పడతాయి. వాటిని సన్నని గరుకు కాగితంతో రుద్ది పోగొట్టుకోవచ్చు. ఉమ్మడి కర్నూలు, అనంతపురం జిల్లాల్లో దీని నిక్షేపాలున్నా, వంటగట్టుకు సరిపడే పెద్ద పలకలు మన దుకాణాల్లో అరుదు.

క్వార్ట్జ్: రాతిపొడిని రెజిన్‌తో కలిపి యంత్రాలపై తయారుచేస్తారు. మరకలు అంటవు. పొయ్యి మీది గిన్నెను నేరుగా దించితే రెజిన్ మాడి మచ్చ పడుతుంది.

కొనే ముందు పరీక్షలు

దుకాణంలో అదే బండ తాలూకు చిన్న ముక్కను అడిగి తీసుకోవాలి. దానిపై నిమ్మరసం పిండి పది నిమిషాల తర్వాత తుడవాలి. మెరుపు తగ్గితే అది వంటగట్టుకు పనికిరాదు. మరోచోట నీటి చుక్కలు వేసి పావుగంట ఉంచాలి. తడి లోపలికి ఇంకి మచ్చ కనిపిస్తే పైన సీలర్ పూయించాలి. నల్లరాయికి రంగు పూసి అమ్మే అవకాశమూ ఉంది. గోళ్ల రంగు తుడిచే ద్రావణంలో ముంచిన తెల్లగుడ్డతో రుద్దితే ఆ రంగు గుడ్డకు అంటుతుంది.

అమర్చేటప్పుడు

బండ మందం 18 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండటం మేలు. సింకు కోసిన చోట బండ బలహీనపడుతుంది కనుక అక్కడ కింద ఆధారం తప్పనిసరి. రాయి కోసేటప్పుడు లేచే దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకు చేరితే సిలికోసిస్ సోకుతుంది. దీనిని పూర్తిగా నయం చేసే మందు లేదు. సిలికా అధికంగా ఉండే క్వార్ట్జ్ పలకల వాడకాన్ని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి నిషేధించింది. ఏ రాయినైనా నీరు పోస్తూనే కోయించాలి. పనివారు దుమ్మును ఆపే మాస్కు ధరించేలా, పిల్లలు దరిచేరకుండా ఇంటి యజమాని చూసుకోవాలి.

నిత్య సంరక్షణ

మెత్తని గుడ్డ, గిన్నెలు తోమే సబ్బు నీరు చాలు. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను ఏ బండపైనా వాడరాదు. సున్నపురాయి, పాలరాయిపై వెనిగర్, నిమ్మచెక్క కూడా పనికిరావు. నూనె మరక పడితే వంటసోడాను నీటితో ముద్దగా కలిపి పట్టించి, ప్లాస్టిక్ కాగితం కప్పి రాత్రంతా ఉంచి తుడవాలి. సీలర్ పూసిన బండపై ఏడాదికోసారి నీటి చుక్కల పరీక్ష చేసి, తడి ఇంకుతుంటే మళ్లీ పూయాలి. ఇప్పటికే తాండూరు బండ పరిచిన ఇళ్లలో పులుపు ఒలికిన వెంటనే తుడవాలి. కోతకు, పులుసు కలపడానికి కింద పీట లేదా పళ్లెం వాడితే బండ ఏళ్ల తరబడి మన్నుతుంది.